వాయింపు బల్ల

ఆ వానాకాలం మా గుమ్మం పక్కన మూడు గొడుగులు వేలాడుతూ ఉండేవి. వాటిలో రెండు రోజూ తడిసేవి. తడవనిది నాది.

నేను పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచేస్తాను. ఏ విషయం ఏ పుటలో ఉందో అక్షరక్రమంలో చెప్పే ఆ పది పేజీల కోసం ఒక మనిషి నెలల తరబడి గోడకేసి కూర్చుంటాడని చదివేవారికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. తడిసే గొడుగులు నాన్నదీ, అక్కదీ. ఇద్దరూ పింగాణీ కార్ఖానాలో పనిచేసేవారు. కప్పులు, సాసర్లు, పళ్లేలు చేసే చోటు అది. అక్క బట్టీల విభాగం చూసేది. నాన్నది వాయింపు బల్ల.

ఆ బల్ల గురించి కొంచెం చెప్పాలి. బట్టీలో కాలి, మెరుగుపూతతో తళతళలాడుతూ బయటికొచ్చిన కప్పులో కంటికి ఆనని పగులు ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఆ కార్ఖానాలో ఉన్నది ఒకటే మార్గం. కప్పును ఎడమచేతి మూడు వేళ్ల మీద నిలబెట్టి, పెన్సిలంత కర్రపుల్లతో అంచు మీద తట్టాలి. బాగున్న కప్పు ఖంగుమంటుంది. పగిలినది బొంగురుపోతుంది. ఖంగుమన్నదాని అడుగున తట్టినవారి ముద్ర పడుతుంది. నాన్నది గుండ్రటి ముద్ర. రెండో బల్ల దగ్గర కూర్చునే అతనిది మూడు కోణాల ముద్ర. ఏ పనైనా బతిమాలించుకుని గాని చేయడని అతన్ని అందరూ కొత్తల్లుడు అనేవారు. నాన్న ముప్పై రెండేళ్లుగా తడుతున్నాడు. ఆయన ముద్ర ఉన్న కప్పును మళ్లీ తట్టి చూడటం ఆయన్ను అవమానించడమేనని కార్ఖానా అంతా నమ్మేది. ఇంట్లో మేమూ నమ్మేవాళ్లం.

వానలు మొదలైన వారంలోనే అక్కను మేనేజరును చేశారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా వేడినీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంది.

"మేనేజరుగారికి కూడా కాళ్లు నొస్తాయా?" అన్నాడు నాన్న.

"పదవి పైవాళ్లిచ్చారు నాన్నా. కాళ్లు మాత్రం నావే."

నాన్న నవ్వలేదు. పత్రిక తిరగేసి చదువుకోసాగాడు. కూతురి కింద పనిచేయాలన్న ఆలోచన మింగుడుపడలేదేమోనని నేను అనుకున్నాను. మనుషుల మౌనానికి అర్థాలు చెప్పడంలో నాకు అప్పట్లో చాలా నమ్మకం ఉండేది.

"మన దగ్గర కప్పులు కొనే ఆస్పత్రివాళ్లు రెండు లోడ్లు తిప్పి పంపేశారు," అంది అక్క నాతో. "వానలు వెళ్లేలోపు మూడోది పంపాలి. అదీ తిరిగొస్తే బట్టీలు ఆర్పేస్తానని యజమాని మొహమ్మీదే చెప్పాడు. రెండొందల పది మందిరా."

"నిన్నూ నాన్ననూ కలిపా?"

"కలిపే."

"మరి ఏం చేస్తావు?"

"ముందు ఆ పలక తీసేస్తాను."

కార్ఖానా గేటు దగ్గర ఒక నల్లపలక ఉండేది. ముందురోజు ఎవరి చేతిలో ఎక్కువ సరుకు పాడైందో వారి పేరు పొద్దున్నే దాని మీద సుద్దతో రాసి ఉండేది. పాత మేనేజరు పెట్టిన ఏర్పాటది. దానివల్ల సరుకు పాడవడం తగ్గలేదు, పాడైనది కనబడటం తగ్గింది. వంకరపోయిన కప్పులు టిఫిన్ డబ్బాల్లో ఇళ్లకు పోయేవి. బట్టీల వెనక గోతిలో మట్టి కింద పూడుకుపోయేవి. ఆ గోతిని వాళ్లు విశ్రాంతి గది అనేవారట.

అక్క పలక తీయించి, దాని స్థానంలో ఒక పొడవాటి బల్ల వేయించింది. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరూ దాని చుట్టూ నిలబడాలి. ఎవరి చేతిలో ఏది పాడైనా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది నాదే" అని, ఎందుకలా అయిందో తోచింది చెప్పాలి. ఎవరూ తిట్టకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. మొదటి వారమంతా బల్ల మీద అక్క పెట్టినవే ఉన్నాయి. బట్టీ వేడి సరిగ్గా చూసుకోక పాడుచేసిన పళ్లెం ఒకటి, ఆరకముందే ఎక్కించిన సాసర్లు రెండు.

"మేడమ్, మీరొక్కరే ఇన్ని పగలగొట్టేస్తుంటే మాకు పని ఎక్కడ మిగుల్తుందండీ?" అన్నాడట కొత్తల్లుడు.

రెండో వారంలో అచ్చుల దగ్గర పనిచేసే పెద్దమనిషి ఒకాయన, పట్టుకునే చెవి వంకరపోయిన కప్పు తెచ్చి పెట్టాడు. "నాదేనమ్మా. మా ఆవిడతో గొడవపడి వచ్చాను, చేతులు మాట వినలేదు."

"ఇవాళ ఎలా ఉందండీ?"

"ఇవాళ ఆవిడే మాట్లాడ్డం మానేసింది. చేతులు బ్రహ్మాండంగా ఉన్నాయి."

ఆ రోజు నుంచి బల్ల నిండసాగింది. దానికి 'నాదే బల్ల' అని పేరు కూడా పడింది. అక్క అక్కడితో ఆగలేదు. మట్టి దగ్గర నుంచి మూటలు కట్టే దాకా సరుకు కార్ఖానాలో అటూ ఇటూ ఏడుసార్లు తిరుగుతోందని లెక్కగట్టి, బల్లలన్నిటినీ ఒక వరసలోకి జరిపించింది. ట్రేలు మోసే పని సగానికి సగం తగ్గింది. బట్టీ నుంచి వాయింపు బల్లకు ఇరవై ఏళ్లుగా ట్రేలు మోస్తున్న పిన్నిని, ఆమె మోకాళ్లు చూసి జాలిపడి, కూర్చుని చేసే మూటల పనికి మార్చింది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. అక్కడి అందరికీ పిన్నే.

నెల తిరిగేసరికి అక్క మెడ దగ్గర ఎముకలు తేలాయి. భోజనం మధ్యలో, చెయ్యి పళ్లెంలో ఉండగానే కునికేది.

"అరవడం తేలికరా," అందొకసారి కళ్లు మూసుకునే. "అరిచేసి ఇంటికొచ్చి పడుకోవచ్చు. వినడానికే ఒళ్లు హూనమైపోతోంది."

ఇంత చేశాక జరిగింది ఏమిటంటే, ఫిర్యాదులు పెరిగాయి.

ఒక ఆదివారం ఆమె అట్టపెట్టె ఒకటి తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. ఆరేళ్ల ఉత్తరాలు. వాటితోపాటు గుడ్డపీలికల్లో చుట్టిన పింగాణీ ముక్కలు. పగిలిన వస్తువు అడుగుముక్కను ఉత్తరంతో కలిపి పంపాలన్నది కార్ఖానా నియమం.

"నాకు అర్థం కావట్లేదురా. అచ్చులు బాగుపడ్డాయి. బట్టీలు బాగున్నాయి. మనుషులు దాచడం మానేశారు. అయినా పోయిన మూడు వారాల్లో వచ్చినన్ని ఉత్తరాలు పోయినేడాది మొత్తంలో రాలేదు. ఆస్పత్రి లోడు సోమవారం కాక పై సోమవారం వెళ్లాలి. నువ్వు చేసే పనే కదా, దేనికది విడదీసి ఎక్కడుందో చెప్పడం. చెప్పు."

అలా మా ఇంటి కష్టం మొదటిసారి నా గదిలోకి వచ్చింది. నేను అలవాటైన పద్ధతిలోనే మొదలుపెట్టాను: ఒక్కో ఉత్తరానికి ఒక్కో చీటీ, చీటీ మీద తేదీ, వస్తువు, లోపం, అడుగున ఉన్న ముద్ర. ఉత్తరాల్లో కొన్ని కోపంగా, కొన్ని సరదాగా ఉన్నాయి. "మీ కప్పు చెవి నా చేతిలోనూ, టీ మా వియ్యంకుడి ఒళ్లోనూ మిగిలాయి. సంబంధం నిలబడింది, ఆయన మాత్రం చాలాసేపు కూర్చోలేదు," అని ఒకాయన రాశాడు. నేను నవ్వుకుని అడుగుముక్క తిప్పి చూశాను. గుండ్రటి ముద్ర.

మూడో రోజుకు చీటీలు మూడు దొంతులయ్యాయి. నాలుగేళ్ల కిందటి దాకా పగుళ్ల ఫిర్యాదులు అరుదు, రెండు ముద్రలకూ సమానం. తరువాత నాలుగేళ్లలో గుండ్రటి ముద్రవి కొద్దిగా ఎక్కువ. ఈ మూడు వారాల్లో వచ్చిన నలభై ఆరింటిలో నలభై నాలుగు గుండ్రటివే. వరస మార్చిన రోజు నుంచీ.

చీటీలు మళ్లీ లెక్కపెట్టాను. పొరపాటు నాదై ఉండాలని అంతగా నేనెన్నడూ కోరుకోలేదు.

ఆ మధ్యాహ్నం నాన్న ఇంట్లోనే ఉన్నాడు. జలుబు చేసి సెలవు పెట్టాడు. ముందుగదిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వంటింట్లోంచి రెండు కప్పులు తెచ్చి, ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, చెంచాతో ఒకదాన్ని తట్టాను. ఖంగుమంది. ఆయన కదల్లేదు. బీటవారిన రెండోదాన్ని తట్టాను. ఒకప్పుడు ఆ మోత వింటే భోజనం మీద నుంచైనా తల తిప్పి "అది పారేయండి" అనే మనిషి, కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయాడు.

నా గదికీ ఆయన కుర్చీకీ మధ్య తలుపుండేది కాదు. ఏళ్ల తరబడి మేమిద్దరం అలా మాట లేకుండా పగళ్లు గడిపాం. ఆయన సెలవు రోజుల్లో ఆ మౌనం నాకెంతో హాయిగా ఉండేది. నా స్వభావం ఆయన నుంచే వచ్చిందని, మేమిద్దరం ఒకేరకమైన మనుషులమని లోలోపల గర్వపడేవాణ్ని.

మర్నాడు ఆయన పనికి వెళ్లాక పిన్ని వచ్చింది. కొంగుతో తల తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"మీ అక్క ఉండదని తెలిసే, పూట సెలవు పెట్టి వచ్చాను బాబూ. నువ్వు ఉత్తరాలు చూస్తున్నావటగా."

"లోపలికి రండి పిన్నీ."

"తడిసి ఉన్నాను, నీ కాగితాలు పాడవుతాయి." అయినా వచ్చి, దొంతుల వైపు చూసింది. ఆవిడకు చదువు రాదు. చూసీ చూడగానే, పక్కన గుండ్రటి ముద్రల ముక్కలున్న మూడో దొంతి మీద వేలు పెట్టింది. "ఇవేనా మీ నాన్నవి?"

నేను కుర్చీ మీది కాగితాలు తీసి ఆవిడ వైపు జరిపాను.

"నాలుగేళ్లు బాబూ. ట్రే మోసుకొస్తూ దారిలోనే నేను గోరుతో అన్నీ తట్టేసేదాన్ని. బొంగురుపోయినదాని చెవి ఆయన వైపుకి తిప్పి పెట్టేదాన్ని. ఆయన అన్నీ తట్టేవారు, పద్ధతిగా. చెవి ఇటు తిరిగినదాన్ని మాత్రం పక్కన పెట్టేవారు. అప్పుడప్పుడూ ఒకటీ అరా నేను తప్పేదాన్ని. దేవుడి మీద ఒట్టు, మేమిద్దరం దాని గురించి ఒక్క మాటైనా అనుకోలేదు. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

"మరి అక్క మిమ్మల్ని మార్చినప్పుడైనా..."

"ఏమని చెప్పను? నా మోకాళ్ల కోసం చేసింది పిచ్చిపిల్ల. అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టింది. వద్దంటే ఎందుకని అడగదూ?" కళ్లు ఒత్తుకుంది. "ఆ బల్ల దగ్గర రోజూ అందరూ నాదే నాదే అంటుంటే, ఆయన నా వంక చూస్తారు. నేను ఆయన వంక చూస్తాను. కక్కలేక మింగలేక చస్తున్నాం."

"ఆస్పత్రి సరుకుకి ముద్ర వేసేది ఎవరు?"

"సగం ఆయనే. మూడు వేలు వేసేశారు అప్పుడే."

ఆమె వెళ్లాక నా బల్ల దగ్గర కూర్చుని, అక్కకు ఎలా చెప్పాలో కాగితం మీద రాసి చూసుకున్నాను. నాలుగు చిత్తుప్రతులు రాశాను. ఒకదానికంటే ఒకటి మర్యాదగా వచ్చింది. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నాన్న నాకెదురుగా, నా నుంచి రెండు చేతుల దూరంలో ఉన్నాడు. తల వంచుకుని, ఎప్పటిలాగే శ్రద్ధగా తింటున్నాడు.

"దొరికిందా ఏమైనా?" అంది అక్క.

"దొరికింది."

"ఎక్కడ?"

నేను లేచి ఆమెను నా గదిలోకి పిలవవలసింది. ఉత్తరాలు చూపించవలసింది. అలా చేయలేదు. ఏ గొంతుతో ఉప్పు అందించమంటామో ఆ గొంతుతోనే చెప్పాను:

"నాన్నకు వినబడదు అక్కా. నాలుగేళ్లుగా. ఇన్నాళ్లూ పిన్ని ఆయనకు పగిలినవి చూపిస్తూ వచ్చింది. నువ్వు ఆమెను మార్చేశావు."

అక్క నా వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది. ఆయన ముద్ద కలుపుకుంటున్నాడు. కలుపుకుని, తిని, మంచినీళ్లు తాగాడు. అప్పుడు తలెత్తి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏమైంది? కూర బాలేదా?" అన్నాడు.

"బావుంది నాన్నా," అంది అక్క, పెదాలు స్పష్టంగా కదిపి. ఆ తరువాత ఆమె ఇంకేమీ తినలేదు.

పొద్దున అక్క నా గుమ్మంలో నిలబడి, నా గొడుగు నా చేతిలో పెట్టింది. "ఆ ముక్కలు తీసుకుని నువ్వూ రా." ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఏం చేయబోతోందని నేను అడగలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. నాన్న మా ఇద్దరికంటే పది అడుగులు ముందు నడిచాడు, గేటు దగ్గర ఎప్పటిలాగే ఆగి, "ముందు మేనేజరుగారు," అని దారి ఇచ్చాడు.

నాదే బల్ల చుట్టూ జనం. పైన రేకుల మీద వాన. అంత మందిని ఒక్కచోట చూసి నాకు చాలా ఏళ్లయింది. ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అక్క నా చేతిలోని సంచీ తీసుకుని, గుండ్రటి ముద్ర ఉన్న ముక్కలు బల్ల మీద పోసింది.

"ఇవి నావి," అంది. "మీ అందరి బల్లలూ జరిపించాను. ఎవరు ఎవరి పక్కన ఎందుకున్నారో ఒక్కరినీ అడగలేదు. మంచి చేస్తున్నానన్న ధీమాతో అడగలేదు. సరుకు పాడైంది అందుకే."

ముక్కలు చూసినవాళ్లకు ముద్ర కనబడింది. కొత్తల్లుడు నేలచూపులు చూశాడు. అతనికీ తెలుసని నాకప్పుడు అర్థమైంది. బహుశా అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న మా ఇద్దరికే తెలియదు.

పిన్ని గుంపులోంచి వచ్చింది. "నావి కూడా," అని అక్క పక్కన నిలబడింది.

నాన్నకు ఈ మాటలేవీ వినబడి ఉండవు. ఆ వానలో వినగలిగినవాళ్లకే సగం వినబడింది. ఆయన కూతురి మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు, తరువాత బల్ల మీద తన ముద్రలు చూశాడు. జేబులోంచి వాయింపు పుల్ల తీశాడు. చివర నున్నగా అరిగిపోయిన పుల్ల. దాన్ని ముక్కల పక్కన, అంచుకు సమంగా, జాగ్రత్తగా పెట్టాడు.

"నాదే," అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు, తన గొంతు తనకు వినబడనివాళ్లు మాట్లాడినట్టు.

చప్పట్లు కొట్టలేదెవరూ. కొత్తల్లుడు ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఒక స్టూలు తెచ్చి ఆయన వెనక పెట్టాడు. ఆయన కూర్చున్నాడు. అక్క గడియారం చూసి, "ఆస్పత్రి సరుకు ఆరు వేలూ, ఏ ముద్ర ఉన్నా, మళ్లీ తట్టాలి. మొదలుపెడదామా?" అంది.

నాలుగు రోజులు తట్టారు. చెవులున్న ప్రతివాడూ కావలసివచ్చి నన్నూ కూర్చోబెట్టారు. నాన్న మా వెనక నిలబడి, కప్పును పట్టుకోవడం నేర్పాడు. "నొక్కిపెట్టకు. నీ వేళ్లు దాని నోరు మూసేస్తున్నాయి. ఊరికే ఆననివ్వు." కొంచెం సేపటికి మళ్లీ, "పండితుడా, అది పుస్తకం కాదు. అంత దగ్గరగా చూడక్కర్లేదు." నాలుగొందల ముప్పై పగిలినవి వచ్చాయి. వాటిలో పదకొండు నేను పట్టుకున్నవి. పిన్ని మళ్లీ నాన్న పక్కకు వచ్చింది, ఈసారి ట్రే మోస్తూ కాదు, పక్కన కుర్చీలో కూర్చుని. ఆవిడ వినేది, ఆయన చెయ్యి పెట్టి అదురు చూసేవాడు. ఇద్దరూ ఔనంటేనే ముద్ర పడేది.

మూడో లోడు తిరిగి రాలేదు. బట్టీలు ఆరిపోవని, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దామని యజమాని కబురు పంపాడు. ఆ కబురు వచ్చిన సాయంత్రం అక్క సంతోషించిందని రాయాలని ఉంది. ఆమె చెప్పులైనా విప్పకుండా కుర్చీలో నిద్రపోయింది. చెప్పులు నేను తీశాను.

వానలు వెనకబట్టాక నాన్న పని మానేశాడు. మానమని అక్క అనలేదు. ఉండమని కూడా అనలేదు. ఆ రెండో మాట అని ఉండవలసిందేమోనని ఆమె ఇప్పటికీ అంటూ ఉంటుంది. నాకు తెలియదు. పగలంతా ఇప్పుడు ఇంట్లో మేమిద్దరం. పెదాలు కనబడితే ఆయనకు చాలావరకు అర్థమవుతుంది. అందుకని ఇరవై ఏళ్లుగా గోడకేసి ఉన్న నా బల్లను ఒకనాడు తిప్పి, ఆయన కుర్చీ వైపు వేసుకున్నాను. కిటికీ వెలుతురు ఇప్పుడు కాగితం మీద తప్పు వైపు నుంచి పడుతుంది. పని నెమ్మదించింది. తలెత్తినప్పుడల్లా ఆయన కనబడతాడు, ఏదో ఒకటి అడుగుతాడు, జవాబు చెప్పాలి. సాయంత్రానికి గొంతు అలసిపోతుంది.

నిన్న టీ తాగాక ఆయన కప్పును మూడు వేళ్ల మీద నిలబెట్టి, చెంచాతో తట్టి, నా వైపు చూశాడు. కప్పు బొంగురుపోయింది.

అది చాలా పాత కప్పు. అమ్మ బతికుండగా వాడినది. బాగుందని చెప్పడం నాకు కష్టమైన పని కాదు.

"పోయింది నాన్నా," అన్నాను, పెదాలు కనబడేలా.

ఆయన వేళ్లు కాసేపు దాని కిందే ఉంచి, తల ఊపాడు. "నాకూ అలాగే అనిపించింది," అన్నాడు. తరువాత ఇంకో కప్పు అందుకున్నాడు.